మిరప ఎరుపు నారింజ ఎందుకైంది? యానిమేషన్ ఎక్స్‌పోర్ట్‌లో రంగుల లెక్క

విజయవాడలో అయినా గుంటూరులో అయినా యానిమేషన్ పని చేసేవాళ్ల దగ్గర తరచూ వినిపించే బాధ ఒకటుంది. "నా సిస్టమ్‌లో రంగు బాగానే ఉందండీ, ఎక్స్‌పోర్ట్ చేశాక పాలిపోయింది." దానికి పక్కనున్నవాళ్లు ఇచ్చే సలహా కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: "బిట్‌రేట్ పెంచి చూడు." బిట్‌రేట్ అంటే ఒక్కో సెకను వీడియోకి ఎంత డేటా వాడాలన్న లెక్క. దాన్ని పెంచుతారు. ఫైల్ సైజు పెరుగుతుంది, క్లయింట్ దగ్గర టెన్షన్ పెరుగుతుంది, రంగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఎక్స్‌పోర్ట్‌లో రంగు రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, ఫైల్లో అంకెలన్నీ భద్రంగానే ఉంటాయి, కానీ ప్లేయర్ వాటిని వేరే లెక్కతో చదువుతుంది. రెండోది, కొంత సమాచారం నిజంగానే పోతుంది. బిట్‌రేట్ ఈ రెండోదాంట్లో కొంత భాగానికే పనికొస్తుంది. మనకు ఎక్కువగా ఎదురయ్యేదేమో మొదటిది. అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందు, మన వీడియోకి జరిగింది ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవాలి. అది తేలితే సగం పని అయిపోయినట్టే.

కెమెరాతో తీసిన పెళ్లి వీడియోలో పెళ్లికూతురి చీర ఎరుపు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోలేరు. లైటింగే అలా ఉందేమో అనుకుంటారు. యానిమేషన్‌కి ఆ వెసులుబాటు లేదు. కొండపల్లి బొమ్మల తరహాలో ఒక క్యారెక్టర్ గీశారనుకోండి. చదునైన పసుపు, చిక్కటి ఎరుపు, వాటి మధ్య సన్నటి నల్లగీత. లోపాన్ని కప్పే నీడలు లేవు, గ్రెయిన్ లేదు. పైగా ఆ ఎరుపు ఎవరో ఒకరు అంకెలతో ఎంచుకున్న ఎరుపు. దానికి సరైన విలువ ఒక్కటే. ఇది ఇబ్బందిలా కనిపించినా నిజానికి మనకు మేలు చేసే విషయం. రంగు తప్పిందా లేదా అన్నది అభిప్రాయంతో కాకుండా కొలిచి చెప్పొచ్చు.

అంకెలు అవే, లెక్క వేరు

మన మానిటర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలతో, అంటే ఆర్‌జీబీతో నడుస్తుంది. ఎంపీ4 లాంటి వీడియో ఫైళ్లు సాధారణంగా ఆ మూడింటినీ అలాగే దాచవు. వెలుగు ఎంత అన్నది ఒక అంకె, నీలం వైపు తేడా ఒకటి, ఎరుపు వైపు తేడా ఒకటి. ఈ పద్ధతి కలర్ టీవీ తొలినాళ్లది. అమెరికాలో 1953లో కలర్ ప్రసారాలకు ప్రమాణం ఖాయం చేసినప్పుడు, అప్పటికే ఇళ్లలో ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలు కూడా పనిచేయాలి కాబట్టి వెలుగునీ రంగునీ విడదీశారు. ఆ విడదీత ఇప్పటికీ మన ఫోన్లలోని వీడియోల్లో నడుస్తోంది.

విడదీయడానికి ఒక సూత్రం కావాలి. వెలుగులో ఎరుపు వాటా ఎంత, ఆకుపచ్చ వాటా ఎంత, నీలం వాటా ఎంత? ఇక్కడే చిక్కు మొదలైంది. మన దూరదర్శన్ రంగుల్లోకి వచ్చిన 1982లోనే, పాత తరహా టీవీ సైజులకు ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇప్పుడు దాన్ని రెక్ 601 అంటున్నాం. అందులో ఎరుపు వాటా 0.299, ఆకుపచ్చది 0.587, నీలానిది 0.114. తర్వాత హెచ్‌డీ కోసం 1990లో రెక్ 709 వచ్చింది. అందులో ఎరుపు 0.2126, ఆకుపచ్చ 0.7152, నీలం 0.0722. రెండూ ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి.

ఒక సూత్రంతో విడదీసినదాన్ని ఇంకో సూత్రంతో కలిపితే ఏమవుతుందో చేత్తో లెక్కవేసి చూడొచ్చు. గుంటూరు మిరప్పొడి ప్యాకెట్ యాడ్ చేస్తున్నారనుకుందాం. పండుమిరప ఎరుపుకి 255, 0, 0 తీసుకున్నారు. అది 601 సూత్రంతో ఎన్‌కోడ్ అయి, ప్లేయర్ 709 అనుకుని చదివితే తెరమీదికి వచ్చేది 255, 25, 0. అంటే లేని ఆకుపచ్చ పాతిక పాళ్లు వచ్చి కలిసింది, ఎరుపు నారింజ వైపు జరిగింది. పక్కనే ఉన్న తొడిమ 0, 255, 0 అయితే అందులో 255 కాస్తా 215కి పడిపోతుంది, ఆకుపచ్చ మసకబారుతుంది. తిరగేసి జరిగితే, అంటే 709 ఫైల్‌ని 601గా చదివితే, ఎరుపు 255 నుంచి 233కి దిగి కాస్త నల్లబడుతుంది. తెలుపు, నలుపు, బూడిద రంగులు మాత్రం ఏ దిశలోనూ మారవు. ఈ తేడాని గుర్తుపట్టడానికి అదే ఆనవాలు: బూడిద సరిగ్గా ఉండి, ఎరుపూ ఆకుపచ్చా తప్పాయంటే సూత్రం తారుమారైనట్టే. మీరు బిట్‌రేట్ పదింతలు చేసినా ఆ 25 అలాగే ఉంటుంది.

ప్లేయర్‌కి ఏ సూత్రమో తెలియాలంటే ఫైల్లో రాసి ఉండాలి. వాటినే కలర్ ట్యాగ్స్ అంటారు. ట్యాగ్ లేని ఫైల్ ఎలాంటిదంటే, గుంటూరు యార్డులో మిర్చి ధర చెప్పి అది క్వింటాకా టిక్కీకా (బస్తాకా) అన్నది చెప్పకపోవడం లాంటిది. విన్నవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు. చాలా ప్లేయర్లు ఫ్రేమ్ సైజును బట్టి ఊహిస్తాయి. పెద్ద సైజైతే 709, చిన్నదైతే 601. పెళ్లి శుభలేఖ వీడియోని వాట్సాప్ కోసమని చిన్న సైజులో ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేస్తే, పెద్ద ఫైల్లో ఒక ఎరుపు, చిన్న ఫైల్లో ఇంకో ఎరుపు కనిపించడం వెనక ఉన్నది తరచూ ఇదే.

పీఎన్‌జీ ఫ్రేముల్ని ఉచిత టూల్స్‌తో వీడియోగా మార్చేవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అలాంటి చాలా టూల్స్ లోపల పనిచేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాం. ఆర్‌జీబీ నుంచి వీడియో పద్ధతికి మార్చేటప్పుడు, మనం ఏమీ చెప్పకపోతే అది 601 సూత్రాన్నే వాడుతుంది, ఫ్రేమ్ హెచ్‌డీ అయినా సరే. మనవాళ్లు ఎవరో చెప్పగా 709 అని కలర్‌స్పేస్ ఆప్షన్ ఒకటి జతచేస్తారు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పాత వెర్షన్లలో ఆ ఆప్షన్ ఫైల్ మీద 709 అని ట్యాగ్ రాస్తుంది, అంతే. లోపలి అంకెలు మారకపోతే పరిస్థితి ఇంకా దిగజారినట్టు. ఇంతకుముందు ప్లేయర్ ఊహించేది, ఇప్పుడు తప్పుని ఖాయంగా నమ్ముతుంది. దాని స్కేల్ ఫిల్టర్‌లో అవుట్‌పుట్ మ్యాట్రిక్స్ (మనం సూత్రం అంటున్నది ఇదే) 709 అని చెప్పి మార్పిడి చేయించాలి, ఆ తర్వాతే ట్యాగ్ రాయాలి. రెండూ కావాలి.

నలుపు బూడిదయితే

సూత్రం తర్వాత ఎక్కువగా దెబ్బతీసేది రేంజ్. కంప్యూటర్‌లో నలుపంటే 0, తెలుపంటే 255. వీడియోలో మామూలుగా నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. దీన్ని లిమిటెడ్ రేంజ్ అంటారు, మొదటిదాన్ని ఫుల్ రేంజ్ అంటారు. లిమిటెడ్ ఫైల్‌ని ఫుల్ అనుకుని చూపిస్తే నలుపు బూడిదగా తేలుతుంది, మూలా నక్షత్రం రోజు సరస్వతీదేవి అలంకారానికి గీసిన తెల్లచీర మాసినట్టు కనబడుతుంది, వీడియో మొత్తం మీద పల్చటి పొగ కప్పినట్టు ఉంటుంది. తిరగేసి జరిగితే 16 లోపు ఉన్న చీకటి వివరాలన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి, 235 దాటినవన్నీ ఒకే తెలుపైపోతాయి. "పాలిపోయింది" అని జనం చెప్పే కేసుల్లో మొట్టమొదట అనుమానించాల్సింది దీన్నే. ఎక్స్‌పోర్ట్‌లో లిమిటెడ్ ఉంచండి. ఫుల్ పెడితే రంగు ఎక్కువొస్తుందని కొందరు నమ్ముతారు. ఆన్‌లైన్‌లో పెట్టే వీడియోకి దానివల్ల వచ్చే లాభం లేదు, చిక్కులు మాత్రం వస్తాయి. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్‌లో కూడా వీడియోకి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకునే చోటు ఉంటుంది, అది తప్పుగా ఉంటే మీ ఫైల్ బాగున్నా మీ కంటికి తప్పే కనబడుతుంది.

మ్యాక్ వాడేవాళ్లది ఇంకో గొడవ. ఫైల్లోని అంకెని తెరమీద ఎంత వెలుగుగా చూపాలో చెప్పే లెక్కని గామా అంటారు. రెక్ 709 ట్యాగ్ ఉన్న వీడియోని మ్యాక్‌లోని క్విక్‌టైమ్ ప్లేయర్ సుమారు 1.96 గామాతో విప్పుతుంది. టీవీల ప్రమాణం 2.4. మామూలు కంప్యూటర్ తెర దాదాపు 2.2. గామా తగ్గేకొద్దీ మధ్యస్థాయి వెలుగులు పైకి లేస్తాయి, రంగు పల్చగా అనిపిస్తుంది. అదే ఫైల్ పక్కనే ఉన్న వేరే ప్లేయర్‌లో చిక్కగా ఉంటుంది. ఇది చూసి చాలామంది ఎక్స్‌పోర్ట్‌కి ముందు కాంట్రాస్ట్, శాచురేషన్ పెంచేస్తారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే. మ్యాక్‌లో సరిపోయినట్టు కనిపించిన ఆ ఫైల్ టీవీలోనూ విండోస్‌లోనూ మాడిపోయినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఎవరు సరిచేయాలన్నా అసలు రంగు ఏదో తెలియదు. డావిన్సీ రిజాల్వ్‌లో రెక్ 709-ఏ అనే ఎంపిక ఈ మ్యాక్ తేడా కోసమే పెట్టారు. చూసేవాళ్లంతా యాపిల్ పరికరాల్లోనే చూస్తారన్న నమ్మకం ఉంటేనే దాన్ని వాడాలి. లేకపోతే మామూలు 709 ఇచ్చి, క్విక్‌టైమ్‌లో కనిపించిన పల్చదనాన్ని పట్టించుకోకుండా వదిలేయడమే మంచిది.

ఎక్స్‌పోర్ట్‌దాకా రాకముందే

కొన్నిసార్లు ఎక్స్‌పోర్ట్‌ని అనవసరంగా తిడతాం. బ్లెండర్‌లో 2డీ యానిమేషన్ చేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ: ఇచ్చిన పసుపు ఒకటి, రెండర్‌లో వచ్చే పసుపు ఒకటి. కారణం వ్యూ ట్రాన్స్‌ఫామ్, అంటే రెండర్ రంగుల్ని తెరకోసం మార్చే సెట్టింగ్. బ్లెండర్ 4.0 నుంచి అది మొదట్లోనే ఏజీఎక్స్ మీద ఉంటుంది, అంతకుముందు ఫిల్మిక్ ఉండేది. అవి 3డీ లైటింగ్‌లో మండిపోయే వెలుగుల్ని కెమెరా ఫిల్మ్ మాదిరిగా మెత్తగా దించడానికి చేసినవి. ఆ పనికి అవి చాలా మంచివి కూడా. కానీ చదునైన రంగుల మీద వాటిని పెడితే తెలుపు కూడా బూడిదలోకి జారుతుంది, క్లయింట్ లోగో రంగు క్లయింటే గుర్తుపట్టలేడు. రంగు అంకె అంకెగానే రావాలంటే దాన్ని స్టాండర్డ్‌కి మార్చాలి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో వర్కింగ్ స్పేస్ (ప్రాజెక్ట్‌లోని అంకెలు ఏ రంగుల ప్రమాణానివో చెప్పే సెట్టింగ్) ఏదీ ఎంచుకోకుండా వదిలేస్తే, సాఫ్ట్‌వేర్ అంకెల్ని మానిటర్‌కి నేరుగా పంపిస్తుంది. మీ మానిటర్ వైడ్ గామట్ రకమైతే, అంటే మామూలు తెరకంటే గాఢమైన రంగులు చూపేదైతే, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు కంప్యూటర్ తెరల రంగుల ప్రమాణం) ఎరుపు ఉన్నదానికంటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మీరు దాన్ని చూసి తగ్గిస్తారు, మామూలు తెరమీద అది చప్పగా తేలుతుంది. ప్రాజెక్ట్ మొదట్లోనే వర్కింగ్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ అనో రెక్ 709 అనో ఖాయం చేసుకోవాలి. ఈ రెండింటి ఎరుపు, ఆకుపచ్చ, నీలం బిందువులు ఒకటే, తేడా అంతా గామా దగ్గరే.

లోగోల గురించి కూడా ఒక మాట. మన దగ్గర చాలా వ్యాపారాల లోగోలు ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు నుంచి కోరల్‌డ్రా ఫైల్‌గా వస్తాయి, సీఎంవైకే రంగుల్లో, అంటే ప్రింటింగ్ సిరాల లెక్కలో. దాన్ని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా ఆర్‌జీబీకి మారుస్తుంది. మారిన రంగుని ఒకసారి క్లయింట్‌కి చూపించి, ఆ మూడు అంకెలు రాసిపెట్టుకుని, యానిమేషన్ అంతటా అవే వాడండి.

నిజంగా పోయేది

ఇప్పుడు రెండో రకం నష్టం. హెచ్‌డీ ఫ్రేమ్ 1920 అడ్డం, 1080 నిలువు. మామూలు ఎంపీ4లో వెలుగు సమాచారం అంత సైజులోనే ఉంటుంది, రంగు సమాచారం మాత్రం 960 అడ్డం, 540 నిలువే ఉంటుంది. నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువ. దీన్నే 4:2:0 అంటారు. మన కన్ను వెలుగులో సన్నటి వివరాన్ని పట్టినట్టు రంగులో పట్టలేదు కాబట్టి ఈ పొదుపు కెమెరా వీడియోలో తెలియను కూడా తెలియదు. దీనివల్ల డేటా సగానికి సగం తగ్గుతుంది.

కానీ నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్రటి తెలుగు అక్షరాలు పెట్టి చూడండి. మన లిపిలో వంపులు ఎక్కువ, గుడిదీర్ఘాలు, వత్తులు సన్నగా ఉంటాయి. ఎరుపుకీ నీలానికీ వెలుగులో తేడా తక్కువ, తేడా అంతా రంగులోనే. సరిగ్గా ఆ రంగే నాలుగో వంతుకి తగ్గిపోయింది. అందుకే అంచులు చెదిరి, వత్తు పైనున్న అక్షరంలో కలిసిపోతుంది. దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది డిజైన్‌లోనే: అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగులో తేడా ఉంచడం, లేదా చుట్టూ సన్నటి తెల్ల గీతో నల్ల గీతో వేయడం. కొండపల్లి తరహా నల్లగీత ఇక్కడ అందంతోపాటు కాపలా కూడా. రెండోది, ఆన్‌లైన్‌కి పెట్టేటప్పుడు 4కేలో ఎక్స్‌పోర్ట్ చేయడం. 4కే ఫైల్లో రంగు సమాచారమే 1920 అడ్డం 1080 నిలువు ఉంటుంది కాబట్టి ఎర్ర అక్షరం బాగా నిలబడుతుంది. మూడోది, ఇంకొకరు ఎడిట్ చేయడానికి ఇస్తుంటే రంగు సమాచారాన్ని తగ్గించకుండా ఉంచే 4:4:4 ఫార్మాట్, అంటే ప్రోరెస్ 4444 లాంటిది ఇవ్వడం. ఫోన్లోకి పంపే ఫైల్‌కి 4:4:4 వద్దు, చాలా పరికరాలు దాన్ని ఆడించలేవు.

ఇదే రకంలో ఇంకో నష్టం చారలు. ప్రకాశం బ్యారేజీ వెనక సాయంత్రపు ఆకాశాన్ని గ్రేడియంట్‌గా వేశారనుకోండి. ముదురు నీలం 30 నుంచి 60 వరకే మారుతోంది. ఎనిమిది బిట్లలో, అంటే 0 నుంచి 255 దాకా ఉండే లెక్కలో, ఆ మధ్య ఉన్నవి 30 మెట్లే. 1920 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో మెట్టు 64 పిక్సెళ్ల చార అవుతుంది, అది కంటికి ఇట్టే కనబడుతుంది. ప్రాజెక్ట్‌ని 16 బిట్లలో పెట్టుకుని, గ్రేడియంట్ మీద కనీకనిపించని చుక్కల్లాంటి నాయిజ్ వేస్తే మెట్ల అంచులు చెదిరి కన్ను మోసపోతుంది. ఆ నాయిజ్‌ని కంప్రెషన్ తుడిచేయకుండా ఉండాలంటే బిట్‌రేట్ కావాలి. బిట్‌రేట్ పెంచమన్న సలహా నిజంగా పనికొచ్చే చోటు ఇదే. ఇరవై ఐదు ఫ్రేముల హెచ్‌డీ వీడియో కంప్రెస్ చేయకపోతే సెకనుకి సుమారు 155 మెగాబైట్లు. యూట్యూబ్ హెచ్‌డీ అప్‌లోడ్‌కి సూచించే 8 మెగాబిట్లంటే సెకనుకి ఒక్క మెగాబైట్. అంత కుదింపులో ముందు పోయేది చీకటి భాగాల్లోని సన్న తేడాలే. యూట్యూబ్ ఎలాగూ మళ్లీ కుదిస్తుంది కాబట్టి మనం ఇచ్చేది ఆ సూచన కంటే చాలా ఎక్కువ ఉంటేనే మేలు.

జిఫ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1987 నాటి ఫార్మాట్, ఫ్రేమ్‌కి 256 రంగులే. చదునైన స్టిక్కర్లకు సరే, గ్రేడియంట్‌కి వద్దు.

కొలవడం

కంటితో చూసి తేల్చుకోవడం కష్టం, ఎందుకంటే చాలా ఫోన్లలో వివిడ్ మోడ్ ముందే ఆన్ అయి ఉంటుంది, రాత్రి పూట పసుపు ఫిల్టర్ పడుతుంది. అందుకని పది సెకన్ల టెస్ట్ క్లిప్ ఒకటి చేసి పెట్టుకోండి. అందులో నలుపు నుంచి తెలుపు దాకా బూడిద పట్టీ, శుద్ధ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు, నలుపుకి దగ్గరగా రెండు మూడు గళ్లు, మీ ప్రాజెక్ట్‌లోని ముఖ్యమైన రంగులు ఉండాలి. దాన్ని మామూలు సెట్టింగ్స్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఫైల్‌ని మళ్లీ అదే ప్రాజెక్ట్‌లోకి తెచ్చి, అసలు దాని మీద రెండింటి తేడాని మాత్రమే చూపే డిఫరెన్స్ బ్లెండ్ మోడ్‌లో పెట్టండి. తెర దాదాపు నల్లగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రెండు మూడు అంకెల తేడా సహజం. పాతిక తేడా వస్తే పైన చెప్పిన తప్పుల్లో ఏదో జరిగింది. బూడిద పట్టీ కూడా వెలిగితే రేంజో గామానో, బూడిద నల్లగానే ఉండి రంగు గళ్లు మాత్రమే వెలిగితే సూత్రం, అంచుల దగ్గర మాత్రమే గీతలా వెలిగితే 4:2:0. ట్యాగ్స్ ఏం రాసి ఉన్నాయో మీడియాఇన్ఫో అనే ఉచిత టూల్ చూపిస్తుంది. రేంజ్, ప్రైమరీస్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం బిందువులు), ట్రాన్స్‌ఫర్ (గామా), మ్యాట్రిక్స్ (సూత్రం) అనే నాలుగూ అందులో కనిపించాలి. ఏదైనా లేదంటే ఆ విషయంలో ప్లేయర్ ఊహిస్తుందని అర్థం.

ఎవరికి ఏది ఇవ్వాలి

రెండర్ చేసేటప్పుడు నేరుగా ఎంపీ4కి వెళ్లకుండా, ముందు పీఎన్‌జీ ఫ్రేములుగానో ప్రోరెస్ 4444గానో ఒక మాస్టర్ తీసుకోవడం నేను గట్టిగా చెప్పే మాట. డిస్క్ నిండుతుందన్నది నిజమే. కానీ ఎంపీ4 నుంచి ఇంకో ఎంపీ4, దాన్నుంచి మరొకటి చేసుకుంటూ పోతే ప్రతిసారీ కొంత పోతుంది, ఎక్కడ పోయిందో వెతకడం అసాధ్యమవుతుంది. ప్రతి డెలివరీ ఫైలూ మాస్టర్ నుంచే పుట్టాలి.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది, రెండు జీబీ దాకా. క్లయింట్ రంగు ఓకే చేయాల్సిన ఫైల్‌ని ఎప్పుడూ డాక్యుమెంట్‌గానే పంపండి. బంధువులకు ఫార్వర్డ్ అయ్యే శుభలేఖ ఎలాగూ వీడియోగానే వెళ్తుంది. అందులో సన్నటి ఎర్ర అక్షరాలు లేకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతుల్లో ఉన్నది.

థియేటర్ యాడ్ అయితే లెక్క మొత్తం మారుతుంది. సినిమా ప్రొజెక్షన్‌కి వెళ్లే డీసీపీ అనే ఫైళ్ల ప్యాకేజీలో రంగు 12 బిట్లలో, వేరే రంగుల పద్ధతిలో, 2.6 గామాతో ఉంటుంది. ఆ మార్పిడి మనం ఎంపీ4 నుంచి చేయకూడదు. 16 బిట్ ఫ్రేములనో ప్రోరెస్ 4444నో ఇచ్చి, ఇది ఎస్‌ఆర్‌జీబీలో చేశామనో రెక్ 709లో చేశామనో కాగితం మీద రాసివ్వాలి. అది రాసివ్వకపోతే డీసీపీ చేసేవాళ్లూ ఊహించాల్సిందే.

ఇక బందర్ రోడ్డులోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఎల్‌ఈడీ తెరమీద పడే వీడియో. ఎల్‌ఈడీల ఎరుపు, ఆకుపచ్చ చాలా గాఢంగా ఉంటాయి. తెరని నడిపే ప్రాసెసర్‌లో సరిచేసే సెట్టింగ్ లేకపోతే మన పసుపు కూడా మెరిసిపోతుంది. ఆపరేటర్ కంప్యూటర్ నుంచి ప్రాసెసర్‌కి వెళ్లే హెచ్‌డీఎంఐలో కూడా ఫుల్, లిమిటెడ్ గొడవ ఉంటుంది. దసరా లాంటి సమయాల్లో ఆపరేటర్‌కి పది ఫైళ్లు ఒకేసారి వస్తాయి, మన ఒక్క ఫైల్ కోసం సెట్టింగ్ మార్చమంటే కుదరదు. ఒకరోజు ముందే ఆ పది సెకన్ల టెస్ట్ క్లిప్ పంపి, తెరమీద పడినప్పుడు నలుపుకి దగ్గరగా ఉన్న గళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయా, నలుపు నల్లగానే ఉందా అని అడగండి. గళ్లు కలిసిపోయాయన్నా, నలుపు బూడిదగా ఉందన్నా ముందు రేంజ్ సెట్టింగ్ చూడమని చెప్పండి. అక్కడ కుదరదంటే ఆ ఒక్క తెరకోసం మాస్టర్ నుంచి వేరే ఫైల్ తీసి, పేరులో ఆ తెర పేరు పెట్టి పంపండి.